ఆగని బొటనవేలు

మా తరానికి పాట దొరకాలంటే మధ్యలో ఒక మనిషి ఉండాలి. రేడియోలో ఒకసారి విన్న పాటను మళ్లీ వినాలనిపిస్తే ఆ క్యాసెట్ ఎవరింట్లో ఉందో ఆరా తీయాలి. ఖాళీ క్యాసెట్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాలి. పాట ఎక్కుతున్నంతసేపూ వాళ్లిచ్చిన కాఫీ తాగుతూ, వాళ్ల పెద్దమ్మాయి సంబంధాల కబుర్లు వింటూ కూర్చోవాలి. అందుకేనేమో, ఇప్పటికీ కొన్ని పాటలు వింటుంటే పాడినవాళ్లకంటే ముందు వాటిని నాకు వినిపించినవాళ్లు గుర్తొస్తారు. అలాంటి నలుగురైదుగురి పుణ్యమా అని అమెరికా దక్షిణాది పల్లెల గిటార్ సంగీతం ఒకటి నా చెవిన పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

1998లో పైచదువుకని మెంఫిస్ చేరాను. టెన్నెసీ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నగరం. రెండు పడగ్గదుల ఇంట్లో నలుగురం. పేర్లు రాస్తే మావాళ్లు ఊరుకోరు, రాయనక్కరలేదు కూడా. మేము ఒకరినొకరం ఊళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. పాలకొల్లు, పాలమూరు, తెనాలి. నేను ఏలూరు. శుక్రవారం రాత్రి వంట పాలకొల్లు బాధ్యత, అంట్లు తెనాలివి. భోజనాలయ్యాక తలా ఒక పాట వినిపించాలి. షరతు ఒక్కటే: పాట పూర్తయ్యేవరకు దాని గురించి ఒక్క ముక్క చెప్పకూడదు. ఎవరు పాడారు, ఎంత గొప్పవారు, ఎన్ని బహుమతులు వచ్చాయి, ఏదీ చెప్పకూడదు. ఈ షరతు పెట్టింది పాలమూరు. వాడు తక్కువ మాట్లాడతాడు, ఇతరులు ఎక్కువ మాట్లాడితే ఓర్చుకోలేడు.

తెనాలికి ఘంటసాల తర్వాత సంగీతం లేదు. పాలకొల్లుకు మాండొలిన్ శ్రీనివాస్ తర్వాత ఎవరూ లేరు. వాళ్ల ఊరివాడే కదా. పాశ్చాత్యుల ఆ బుల్లి వాద్యానికి జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలు కట్టి, విద్యుత్తు జోడించి, కర్ణాటక సంగీతాన్ని గమకాలతో సహా పలికించిన మనిషి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది వాయించేవాడు. ఈ సంగతి పాలకొల్లు మాకు వారానికోసారైనా చెప్పేవాడు. షరతు ప్రకారం పాట తర్వాతే చెప్పేవాడు గనుక మేము అభ్యంతరం చెప్పే వీలుండేది కాదు.

ఇక అసలు సంగతి. ఒక శుక్రవారం పాలమూరు, ఊరి గ్రంథాలయం నుంచి ఒక సీడీ తెచ్చాడు. అట్టమీద టోపీ పెట్టుకున్న నల్లజాతి ముసలాయన బొమ్మ ఉంది. ఎందుకు తెచ్చావురా అంటే, "మా తాత టోపీ పెట్టుకుంటే అచ్చం ఇలాగే ఉంటాడు" అన్నాడు. ఇంతకంటే మంచి కారణం తర్వాత నేనెక్కడా వినలేదు. పాట మొదలైంది. గొంతు పెద్దగా లేవదు. పక్కింట్లో ఎవరో పని చేసుకుంటూ తనలో తాను పాడుకుంటున్నట్టుంది. కింద గిటార్ నడుస్తోంది. పాట అయిపోగానే తెనాలి అడిగిన మొదటి ప్రశ్న: "రెండో గిటార్ వాయించేది ఎవరు?"

రెండో గిటార్ లేదు. మిసిసిపీ జాన్ హర్ట్ ఒక్కడే వాయిస్తున్నాడు. కుడిచేతి బొటనవేలు మంద్ర తీగల మీద ఒకటి విడిచి ఒకటి, ఆగకుండా తాళం వేస్తూ పోతుంది. చూపుడువేలు, నడిమివేలు పై తీగల మీద పాట వరస పలికిస్తాయి. బొటనవేలికి పైన ఏం జరుగుతోందో పట్టదు. పై వేళ్లు తాళానికి ముందు పడతాయి, వెనక పడతాయి, ఆటలాడతాయి, అది మాత్రం తన దారిన తాను పోతుంది. మా నాయనమ్మ తిరగలి తిప్పుతూ పాడినప్పుడు చేయి ఒక దారి, గొంతు ఒక దారి పోయేవి, అయినా రెండూ ఒకటిగానే ఉండేవి. హర్ట్ వాయిద్యం వింటున్నప్పుడు నాకు వచ్చిన ధైర్యం ఆ తిరగలి ఇచ్చిందే. ఇది నాకు పరాయి సంగీతం కాదనిపించింది. వీణ నేర్చిన వాళ్లక్కను తలుచుకుని పాలకొల్లు ఇంకో మాట అన్నాడు. వీణకు పక్కన మూడు తాళపు తీగలుంటాయి కదా, వాటిని చిటికెనవేలితో మీటుతూ మిగతా వేళ్లతో స్వరాలు పలికిస్తారు, ఇక్కడ ఆ పని బొటనవేలు చేస్తోంది, అంతే తేడా అన్నాడు. సంగీతం తెలిసినవాళ్లు దీనికి ఒప్పుకుంటారో లేదో గానీ, ఆ రాత్రి మాకు అది మహా సిద్ధాంతంలా కనిపించింది.

పాట అయ్యాక సీడీతో వచ్చిన చిన్న పుస్తకం చదివి పాలమూరు కథ చెప్పాడు. హర్ట్ మిసిసిపీలో అవలాన్ అనే చిన్న పల్లెలో పెరిగాడు. తనంతట తాను గిటార్ నేర్చుకున్నాడు. జీవితమంతా వ్యవసాయ పనులు. ఆ చుట్టుపక్కల విల్లీ నార్మర్ అనే తెల్లజాతి ఫిడేలు కళాకారుడు ఉండేవాడు. హర్ట్ అప్పుడప్పుడు ఆయన పక్కన గిటార్ వాయించేవాడు. రికార్డు కంపెనీవాళ్లు నార్మర్ కోసం వచ్చినప్పుడు, మా ఊళ్లో ఇంకొకడున్నాడు, అతన్నీ వినండి అని చెప్పింది ఆయనే. అలా 1928లో హర్ట్ మొదట మెంఫిస్‌లో, తర్వాత న్యూయార్క్‌లో పాడాడు. రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది మార్కెట్లు కూలి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. హర్ట్ మళ్లీ పొలానికి పోయాడు. ముప్పై అయిదేళ్లు ఎవరూ అడగలేదు.

1952లో హ్యారీ స్మిత్ అనే ఆయన పాత జానపద రికార్డులు ఏరి ఒక సంకలనం వేశాడు. అందులో హర్ట్ పాటలు రెండున్నాయి. విన్న కుర్రాళ్లంతా ఈ మనిషి ఎప్పుడో పోయి ఉంటాడనుకున్నారు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడి చేతికి హర్ట్ పాడిన మరో పాట టేపు మీద వచ్చింది. అందులో అవలాన్ తన సొంత ఊరని గాయకుడే చెప్పుకున్నాడు. హాస్కిన్స్ పాత అట్లాసులో ఆ ఊరిని వెతికి, కారేసుకుని వెళ్లి అడిగితే, హర్ట్ అక్కడే ఉన్నాడు. ఎవరో ప్రభుత్వం మనిషి తనకోసం వచ్చాడని ఆయన మొదట కంగారుపడ్డాడని చెబుతారు. ఆ వేసవిలోనే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వేలమంది ముందు కూర్చుని, అదే గొంతుతో, అదే బొటనవేలితో వాయించాడు. మరో మూడేళ్లు ఎక్కడికి వెళ్లినా జనం. 1966లో పోయాడు. నార్మర్ ఒక మాట చెప్పకపోతే ఆ రికార్డులే లేవు. స్మిత్ ఏరకపోతే, ఒకరి నుంచి ఒకరికి ఆ టేపు చేరకపోతే ఆ మనిషి దొరకడు. ఇంతమంది మధ్యవర్తుల తర్వాత, తాత పోలిక కోసం సీడీ తెచ్చిన పాలమూరు.

మా ఇంటి కింద వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. నల్లజాతివారు, ఉద్యోగ విరమణ చేసి, ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో గిటార్ వాయించేవారు. మా పాటల చప్పుడు వారి కప్పు మీద పడుతోందని క్షమాపణ చెప్పడానికి పాలకొల్లు గారెలు తీసుకుని వెళ్లాడు. ఆయన గారెలు తిని, పైకి వచ్చి, మా సీడీలు తిరగేసి, ఒకదాని మీద వేలు పెట్టారు. ఆ రోజు నుంచి మా శుక్రవారాలకు అయిదో మనిషి వచ్చాడు. ఆయన మాటకారి, మా షరతు ఆయనకు వర్తించేది కాదు. వయసుకిచ్చిన మినహాయింపు అనుకోండి.

నేను తాకట్టు దుకాణంలో ఒక పాత గిటార్ కొన్నాను. నేర్పమని ఆయన్ని బతిమాలాను. కొన్ని వారాలపాటు ఎడమచేతితో పనే పెట్టలేదాయన. ఉత్త బొటనవేలు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. మధ్యలో ఎవరైనా తలుపు కొట్టినా, నేను మాట్లాడుతున్నా, నవ్వుతున్నా బొటనవేలు ఆగకూడదు. కావాలనే నన్ను ప్రశ్నలు అడిగేవారు. మీ నాన్నగారు ఏం చేస్తారు? అక్కడ వానలెప్పుడు పడతాయి? నేను జవాబు చెప్పేలోపు వేలు తడబడేది, ఆయన నవ్వేవారు. చేతికి బుద్ధితో పని లేకుండా చేయడమే ఈ విద్యలో సగం అనేవారు. మిగతా సగం నాకు ఇప్పటికీ రాలేదు, అది వేరే సంగతి.

మిసిసిపీ గిటార్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ మాట ఎత్తితే మాత్రం పెద్దాయనకు కోపం వచ్చేది. జాన్సన్ మీద కాదు, ఆయన చుట్టూ అల్లిన కథ మీద. అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో దెయ్యానికి ఆత్మను అమ్ముకుని గిటార్ విద్య సంపాదించాడని ప్రచారం. పర్యాటకులకు ఆ కథే కావాలి. నిజానికి జాన్సన్ ఐక్ జిమ్మర్‌మన్ అనే ఆయన దగ్గర కూర్చుని, రాత్రిళ్లు శ్మశానంలో, అక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదని, వేళ్లు కాయలు కాసేలా సాధన చేశాడు. 1936లో ఒకసారి, 1937లో ఒకసారి మైకు ముందు కూర్చుని మొత్తం 29 పాటలు ఇచ్చాడు. 1938లో ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. పేదవాడు రాత్రింబవళ్లు కష్టపడి నేర్చుకుంటే ఆ ఘనత దెయ్యం ఖాతాలో రాస్తారా అని పెద్దాయన అడిగేవారు. నాకూ అదే అనిపిస్తుంది. ధనవంతుల బిడ్డ బాగా వాయిస్తే సాధన అంటాం, కౌలుకు దున్నేవాడి బిడ్డ వాయిస్తే ఏదో మాయ ఉందంటాం.

పెద్దాయనకు దేవుడు బ్లైండ్ విల్లీ జాన్సన్. టెక్సాస్ వీధుల్లో భక్తి పాటలు తప్ప మరొకటి పాడని అంధ గాయకుడు. 1927 డిసెంబరులో డాలస్‌లో ఆయన రికార్డు చేసిన ఒక పాటలో మాటలే ఉండవు. గొంతు మూలుగుతుంది, తీగల మీద జారే గిటార్ ఆ మూలుగుకు బదులిస్తుంది. పెద్దాయన దాన్ని వినిపించిన రాత్రి తెనాలి కూడా ఏమీ అనలేదు. తర్వాత పాలకొల్లు ఎక్కడో చదివి వచ్చి, ఒరేయ్ ఇది విన్నారా అంటూ మమ్మల్ని నిద్రలేపాడు. 1977లో వాయేజర్ నౌకల్లో పెట్టి అంతరిక్షంలోకి పంపిన బంగారు పూత రికార్డులో ఆ పాట ఉంది. దానికి సరిగ్గా ముందున్నది మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి. గోవాలో పుట్టిన విదుషీమణి, టెక్సాస్ వీధి గాయకుడు పక్కపక్కన కూర్చుని సూర్యమండలం దాటి పోతున్నారు. ఇల్లు తగలబడితే వేరే దారిలేక ఆ కాలిన ఇంట్లోనే తడిసిన పరుపు మీద పడుకుని జబ్బు చేసి 1945లో పోయాడట విల్లీ జాన్సన్. ఆయన పాటకు మాత్రం ఆ ప్రయాణం దక్కింది. ఈ సంగతి పెద్దాయనకు చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. దేవుడికి ఇంకెలా వినిపిస్తారు మరి అన్నారు.

తీగ మీద జారే ఆ నాదం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఏలూరులో రేడియో కార్యక్రమాల మధ్య ఖాళీ వస్తే కాసేపు వాద్య సంగీతం వేసేవారు. సినిమా పాట వరసను హవాయి గిటార్ మీద సాగదీస్తూ వాయించేవారు. అది అయిపోతే వార్తలొస్తాయని మా నాన్న రేడియో శబ్దం పెంచేవారు. ఆ సాగుడుకీ మిసిసిపీ సాగుడుకీ చుట్టరికం ఉందని మెంఫిస్‌లోనే తెలిసింది. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు పందొమ్మిదో శతాబ్దం చివర్లో గిటార్‌ను ఒడిలో పడుకోబెట్టి, తీగలపై ఇనుప ముక్క జరిపి వాయించే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన తర్వాత హవాయి సంగీతం అమెరికా అంతటా వెర్రిగా పాకింది. హవాయి కళాకారుడు టావు మో కుటుంబంతో దేశాలు తిరుగుతూ 1940లలో కలకత్తాలో కాపురమున్నాడు. అక్కడినుంచి మన రేడియోలోకి ఎంత దూరం? మరోవైపు, 1903లో మిసిసిపీలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్‌లో, రాని రైలు కోసం కాచుకుని కునికిపాట్లు పడుతున్న డబ్ల్యు.సి. హ్యాండీ అనే నల్లజాతి సంగీతకారుడికి ఎవరో బక్కపలచని మనిషి తీగల మీద కత్తి జరుపుతూ వాయించిన పాట వినిపించింది. అంత విచిత్రమైన సంగీతం తానెన్నడూ వినలేదని ఆయన తర్వాత రాసుకున్నాడు. కత్తి, ఇనుప ముక్క, సీసా మెడ కోసి వేలికి తొడుక్కున్న గొట్టం. ఏదైతేనేం, మెట్టు మీద నిలిచిపోని స్వరం కావాలి. గమకానికి అలవాటుపడ్డ మన చెవికి అది వెంటనే ఎక్కడం వింతేమీ కాదు.

ఆ చుట్టరికానికి సాక్ష్యంగా పాలకొల్లు ఒక సీడీ తెచ్చాడు. అమెరికా గిటారిస్టు రై కూడర్, మన విశ్వమోహన్ భట్ కలిసి వాయించినది. 1992లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఒక ప్రార్థనా మందిరంలో రికార్డు చేశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది వాయించడానికి కాసేపటి ముందే. భట్ గారిది ఆయన స్వయంగా మార్పులు చేసి, అదనపు తీగలు బిగించి తయారుచేసుకున్న మోహన వీణ. ఆ సీడీకి గ్రామీ బహుమతి వచ్చిందని పాలకొల్లు నాలుక చివరి దాకా వచ్చి, షరతు గుర్తొచ్చి, పాట అయ్యేదాకా వాడు పడ్డ అవస్థ చూడాలి. బదులుగా పెద్దాయనకు శ్రీనివాస్ క్యాసెట్ వినిపించాడు. ఆలాపన నడుస్తుండగా ఆయన ఆపమని, వెనక్కి తిప్పమని, మళ్లీ వినిపించమని అడిగారు. తన చిన్నతనంలో చర్చిలో వాద్యాలేవీ లేకుండా పెద్దలు ఒక చరణాన్ని ఇలాగే సాగదీసి ఎత్తుకునేవారని, సభ అంతా వెనక అందుకునేదని చెప్పారు. పాలకొల్లు ఆ రాత్రంతా నిద్రపోలేదనుకుంటాను.

1999 అక్టోబరులో ఒక సెకండ్ హ్యాండ్ కారులో నలుగురం అరవై ఒకటో నంబరు రహదారి పట్టుకుని దక్షిణానికి బయలుదేరాం. మెంఫిస్ దాటాక నేల బల్లపరుపుగా మారిపోతుంది. దాన్ని డెల్టా అంటారు. గోదావరి డెల్టా వాళ్లం, కృష్ణా డెల్టావాడు కారులో ఉన్నాం గనుక ఆ మాట మీద కాసేపు గొడవ జరిగింది. కాలువ ఏది, కొబ్బరిచెట్టు ఏది, ఇదేం డెల్టా అని. రెండువైపులా కనుచూపు మేర పత్తి. తీతకు వచ్చిన పత్తి. గుంటూరు జిల్లావాడు తెనాలి కారు ఆపించి, దిగి, ఒక కాయ చూసి, "ఇంత చేనుకు కూలీలు ఏరిరా?" అన్నాడు. కూలీలు లేరు. దూరంగా ఒక యంత్రం వరసలకు వరసలు మింగుతూ పోతోంది.

క్లార్క్స్‌డేల్‌లో పాత రైల్వే సరుకుల డిపోలోకి అప్పుడే మారిన బ్లూస్ మ్యూజియం చూశాం. దక్షిణాది నల్లజాతివారి ఈ సంగీతాన్నే బ్లూస్ అంటారు. ఆ ఊరి పక్కనే హాప్సన్ అనే తోటలో 1944లో పత్తి తీసే యంత్రాలను జనానికి ప్రదర్శించారు. యంత్రం రావడానికి ముందే మొదలైన వలస ఆ తర్వాత మరీ ఎక్కువైంది. 1910 నుంచి 1970 వరకు అరవై లక్షల మంది నల్లజాతివారు దక్షిణాదిని విడిచిపోయారు. మిసిసిపీ వాళ్లలో ఎంతోమంది ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి షికాగో చేరారు. పాటల్లో అన్ని రైళ్లు, అన్ని స్టేషన్లు, అన్ని వీడ్కోళ్లు ఊరికే లేవు. మ్యూజియం గోడ మీద ఆ రైలు మార్గం పటం చూస్తూ పాలమూరు చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చాక, మామూలుగా మాట్లాడనివాడు, గ్రీన్‌వుడ్ దాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

వాళ్ల ఊరి నుంచి బొంబాయి బస్సు ఎక్కిన మేనమామల గురించి, ఆనకట్టల పనులకు పోయి తిరిగిరానివాళ్ల గురించి, పండక్కి కూడా సగం ఇళ్లకు తాళాలుండే వాడల గురించి చెప్పాడు. పాలమూరు లేబర్ అనే మాట మేమూ విన్నాం, పేపర్లో చదివాం. దానికి వెనక ఇంత ఉందని ఆ కారులోనే విన్నాం. కిన్నెర పట్టుకుని ఇంటింటికీ వచ్చే గాయకుల గురించీ చెప్పాడు. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టిన వాద్యం. పండుగ సాయన్న కథ పాడేవారట. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన మొనగాడు. హర్ట్ పాడిన పాటల్లోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. 1895లో సెయింట్ లూయిస్ నగరంలో క్రిస్మస్ రాత్రి టోపీ దగ్గర మొదలైన తగాదాలో ఒకడు మరొకణ్ని కాల్చి చంపాడు. ఆ హత్య పాటై దేశమంతా తిరిగింది, హర్ట్ దాకా వచ్చింది. హర్ట్ ఆ కథను కోపం లేకుండా, జాలి ఒలకబోయకుండా, ఊళ్లో జరిగింది చెప్పినట్టు పాడతాడు. "మా కిన్నెరాయన కూడా అంతే. ఏడిపించడు. చెప్పి పోతాడు" అన్నాడు పాలమూరు. హర్ట్ పాటను ఆ తర్వాత నేను వాడి చెవితో తప్ప వినలేకపోయాను.

అవలాన్‌లో ఊరనదగ్గది ఏమీ లేదు. డెల్టా చదును అయిపోయి కొండలు మొదలయ్యేచోట కొన్ని ఇళ్లు, అడవి, మట్టిరోడ్డు. అటుగా వచ్చిన ట్రక్కు ఆయనను అడిగితే సమాధికి దారి చూపించాడు. చెట్ల మధ్య చిన్న శ్మశానం, చిన్న రాయి, రాయి మీద ఎవరో వదిలిన నాణేలు. దోమలు మమ్మల్ని పట్టుకుపోయాయి. తెనాలి అయిదు నిమిషాలకే కారెక్కి కూర్చున్నాడు. పాలమూరు రాయి పక్కన కూర్చుని, గిటార్ ఇమ్మని అడిగాడు. వాడికి వాయించడం రాదు. ఊరికే బొటనవేలితో మంద్ర తీగలు రెండూ కాసేపు మార్చి మార్చి మీటి తిరిగి ఇచ్చేశాడు. అది తప్పకుండా లయలోనే ఉంది. అన్ని వారాలు సాధన చేసిన నాకు కాస్త అసూయ కలిగింది.

2001 తర్వాత నలుగురం నాలుగు దిక్కులయ్యాం. అప్పటికి పాటలు ఇంటర్నెట్‌లో ఊరికే దొరకడం మొదలైంది. దొరికిన కొద్దీ వినడం తగ్గింది, ఇది నా అనుభవం, అందరికీ ఇలాగే జరగాలని లేదు. పెద్దాయన కొన్నేళ్లకు పోయారని వారి అమ్మాయి ఉత్తరం రాసింది. 2014 సెప్టెంబరులో శ్రీనివాస్ నలభై అయిదేళ్లకే వెళ్లిపోయినప్పుడు ముగ్గురం పాలకొల్లుకు ఫోన్ చేశాం. సొంత మనిషి పోయినవాడిని పరామర్శించినట్టే పరామర్శించాం. వాడు అలాగే మాట్లాడాడు. 2022లో నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు పాలమూరు ఫోన్ చేశాడు. సంతోషంగానే ఉన్నాడు, కానీ ఊరికే సంతోషపడే మనిషి కాదు. ఇంకా ఎంతమంది కిన్నెరలు అటకల మీద ఉన్నాయో, ఎవరి పేరూ ఎవరికీ తెలియకుండా ఎంతమంది పోయారో అన్నాడు. హాస్కిన్స్ లాంటివాళ్లు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు.

అవలాన్‌లో హర్ట్ నివసించిన చిన్న ఇంటిని ఆయన మనవరాలు కాపాడి మ్యూజియంగా మార్చారు. మేము వెళ్లినప్పుడు అది లేదు. మళ్లీ వెళ్దాం, వెళ్దాం అనుకుంటూనే ఉన్నాం. 2024 ఫిబ్రవరిలో ఆ ఇల్లు కాలిపోయింది. వార్త మొదట పంపినవాడు తెనాలి. ఘంటసాల తప్ప సంగీతం లేదన్న తెనాలి, రోజూ పొద్దున ఆఫీసుకు పోతూ హర్ట్‌నే వింటాడని అప్పుడు బయటపెట్టాడు. ఇరవై ఏళ్లుగా మాకు చెప్పలేదు!

శుక్రవారం పాట ఇప్పుడు ఫోనులో నడుస్తోంది. షరతు అదే. అమెరికాలోనే స్థిరపడ్డ పాలకొల్లు కూతురు ఈమధ్య గిటార్ నేర్చుకుంటోంది. అమ్మాయిది ఎడమచేతి వాటం. ఎడమచేతి గిటార్ కొనాలా, మామూలుదే అలవాటు చేయాలా అని ఇంట్లో చర్చ. నా వంతు వచ్చినప్పుడు ఎలిజబెత్ కాటన్ వీడియో పంపాను. ఉత్తర కరోలినాలో పుట్టిన ఆమెదీ ఎడమచేతి వాటమే. చిన్నతనంలో ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో గిటార్ కొనుక్కుని, తీగలు మార్చకుండా దాన్నే తలకిందులుగా పట్టుకుని నేర్చుకుంది. అందువల్ల అందరికీ బొటనవేలు చేసే పని ఆమెకు వేళ్లు చేస్తాయి, వేళ్లు చేసే పని బొటనవేలు చేస్తుంది. పదకొండు పన్నెండేళ్ల వయసులో కట్టిన రైలు పాట ఒకటి తర్వాత లోకమంతా తిరిగింది. మధ్యలో దశాబ్దాలపాటు గిటార్ ముట్టలేదు. వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తున్నప్పుడు తప్పిపోయిన పాపను తల్లికి అప్పగించింది. ఆ పాప సంగీతజ్ఞులైన సీగర్ కుటుంబానిది. ఆ తల్లి ఆమెను తమ ఇంట్లో పనికి పెట్టుకుంది. గోడకున్న గిటార్ తీసి ఆమె వాయించుకుంటుంటే పిల్లలు విన్నారు. వాళ్లలో మైక్ పెద్దయ్యాక ఆమె పాటలు రికార్డు చేశాడు. 1958లో మొదటి రికార్డు వచ్చేసరికి ఆమెకు అరవై దాటాయి. తొంభైల్లో గ్రామీ అందుకుంది.

నేను పంపింది చూసి పాలకొల్లు ఉప్పొంగిపోయాడు. ఎడమచేతి గిటార్ అక్కరలేదు, నువ్వూ ఇలాగే తలకిందులుగా నేర్చుకో అని కూతురికి ఉపన్యాసం ఇచ్చాడట. అమ్మాయి వీడియో మొత్తం చూసి, "ఆవిడకు వేరే గిటార్ దొరకలేదు కాబట్టి అలా నేర్చుకుంది నాన్నా, దుకాణంలో ఎడమచేతిది ఉండగా నాకెందుకు ఆ కష్టం" అంది. మేము ముగ్గురం అమ్మాయి పక్షమే. ఎడమచేతి గిటారే కొన్నారు. ఇప్పుడు ఆ అమ్మాయి ఫోన్ నంబరు కూడా మా శుక్రవారం బృందంలో ఉంది. మొన్న తన వంతుకు పంపిన పాటలో గిటార్ అసలు లేదు, అంతా కంప్యూటర్ చేసిందే. పాట అయ్యేదాకా ఎవరూ ఒక్క మాట అనకూడదు గనుక తెనాలి మూడున్నర నిమిషాలు నోరు మూసుకోవలసి వచ్చింది.